రాతిలో నూనె, మంటలో కిటుకు

(మన కమ్యూనిటీ రేడియోలో ఆదివారం ఉదయం ప్రసారమైన ప్రసంగానికి అక్షర రూపం)

  నేను వృత్తిరీత్యా ఐటీ కన్సల్టెంట్‌ని. ఈవేళ మాట్లాడబోయేది మాత్రం కంప్యూటర్ల గురించి కాదు, ఒక రాయి గురించి. ఐటీవాడికి రాళ్ళతో ఏం పని అని మీకు అనుమానం రావచ్చు. దానికో చిన్న కథ ఉంది, మధ్యలో చెప్తాను.

పోయిన వేసవిలో మా అత్తగారు, మామగారు ఇండియా నుంచి వచ్చారు. ఇక్కడివాళ్ళం చేసే పనే మేమూ చేశాం. వ్యాన్ అద్దెకి తీసుకుని, పులిహోర, దద్దోజనం డబ్బాలు సర్దుకుని, డెన్వర్ నుంచి ఐ-70 మీద యూటాలోని ఆర్చెస్ పార్కుకి బయల్దేరాం. రాకీ పర్వతాలు దాటి రైఫిల్ అనే ఊరు వచ్చేసరికి కుడిచేతి వైపు గోడలా ఎత్తైన కొండలు కనిపిస్తాయి. వాటిని రోన్ క్లిఫ్స్ అంటారు. కేకు ముక్కలా పొరలు పొరలుగా, లేత బూడిద రంగులో ఉంటాయి. ఆ కొండల్లో నూనె ఉందని, అది సౌదీ అరేబియా నిల్వలకంటే ఎన్నో రెట్లు ఎక్కువని నేను యథాలాపంగా అన్నాను.

మామగారు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో పనిచేసి రిటైరైన మనిషి. ఏదీ ఊరికే ఒప్పుకోరు. "అదేమిటండీ అల్లుడుగారూ, అంత నూనె పక్కనే పెట్టుకుని వీళ్ళు ప్రపంచమంతా తిరిగి కొనుక్కోవడం దేనికి? తియ్యరేం?" అన్నారు. వెనక సీట్లోంచి మా అబ్బాయి కూడా అందుకున్నాడు, "అవును నాన్నా, వై నాట్?" అని. ఆ ప్రశ్నకి నేను కార్లో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఈ ప్రసంగం ఆ జవాబే అనుకోండి.

ముందు ఒక పొరపాటు సర్దుకుందాం. షేల్ అనగానే టెక్సాస్‌లోనో, నార్త్ డకోటాలోనో ఫ్రాకింగ్ చేసి తీస్తున్న నూనె మనకి గుర్తొస్తుంది. అది వేరు. అక్కడ నూనె నూనెగానే రాతి సందుల్లో ఇరుక్కుని ఉంటుంది. రాయిని పగలగొడితే కారుతుంది. నేను చెప్పే ఆయిల్ షేల్‌లో అసలు నూనే లేదు. కెరోజెన్ అనే గట్టి పదార్థం ఉంది. గ్రీకు భాషలో మైనానికి ఉన్న మాటలోంచి ఆ పేరు వచ్చింది. మన కిరోసిన్ పేరూ అందులోంచి వచ్చిందే.

ఇది ఎలా తయారైందంటే, సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రితం ఇప్పటి కొలరాడో, యూటా, వయోమింగ్ రాష్ట్రాలు కలిసేచోట పెద్ద పెద్ద సరస్సులుండేవి. వాటిలో పెరిగిన నాచు చచ్చి అడుక్కి చేరి, సన్నటి బురదతో కలిసి, పొర మీద పొరగా రాయైపోయింది. దాన్ని గ్రీన్ రివర్ ఫార్మేషన్ అంటారు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ 2009 నుంచి 2011 వరకు వేసిన అంచనాల ప్రకారం ఈ మూడు రాష్ట్రాల రాతిలో 4 లక్షల కోట్ల పీపాలకు పైగా నూనెకి సరిపడా కెరోజెన్ ఉంది. సౌదీ నిల్వలకి అది పది రెట్లకు పైనే. కాకపోతే అది రాతిలో ఉన్నదాని లెక్క, బయటికి తియ్యగలిగినదాని లెక్క కాదు. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న అగాధం పేరే వేడి.

ఎందుకంటే కెరోజెన్‌ని పిండితే నూనె రాదు, కడిగితే రాదు, కాచాలి. కాచడమంటే మండించడం కాదు. మా ప్రకాశం జిల్లాలో సర్కారు తుమ్మ కొట్టి బొగ్గుల బట్టీ పెట్టేవాళ్ళని మీలో కొందరు చూసే ఉంటారు. కర్రలు పేర్చి, పైన ఆకు, మట్టి కప్పి, గాలి చొరబడకుండా లోపల కాలుస్తారు. గాలి తగిలితే బూడిద మిగులుతుంది, తగలకపోతే బొగ్గు మిగులుతుంది. కర్రలోంచి విడిపోయిన ఆవిర్లూ, తారూ పొగలో పోతాయి. ఆయిల్ షేల్‌కి చేసేదీ అదే పని. గాలి లేకుండా వేడి చేస్తే కెరోజెన్ పెద్ద అణువులు తెగి ముందు జిగటగా ఉండే బిట్యుమెన్ అవుతుంది. తర్వాత అందులోంచి నూనె ఆవిరి, వాయువు బయటికొస్తాయి. కొంత మసిబొగ్గుగా రాతిలోనే ఉండిపోతుంది. ఆ ఆవిరిని చల్లార్చి పట్టుకుంటే షేల్ ఆయిల్. ఈ విచ్ఛేదనాన్నే పైరోలిసిస్ అంటారు.

అయితే ఎంత వేడి? మన ఇళ్ళలో అవెన్ బాగా పెంచితే 500 ఫారెన్‌హీట్, అంటే 260 సెల్సియస్. అక్కడ ఈ రాయి దాదాపు చలించదు. అవెన్‌ని సెల్ఫ్ క్లీన్‌లో పెట్టినప్పుడు లోపల 900 ఫారెన్‌హీట్ దాకా వెళ్తుంది. అంటే సుమారు 480 సెల్సియస్. అదీ ఈ రాయికి కావలసిన వేడి. ఇక్కణ్ణుంచి నేను చెప్పేవన్నీ సెల్సియస్ డిగ్రీలే.

ప్రపంచమంతా ఈ రాయి విలువ కట్టడానికి ఫిషర్ అస్సే అని ఒక పరీక్ష వాడతారు. 100 గ్రాముల రాయిని పొడి చేసి, నిమిషానికి 12 డిగ్రీల చొప్పున 500 డిగ్రీల దాకా వేడిచేసి, 40 నిమిషాలు అక్కడే ఉంచి, ఎంత నూనె వచ్చిందో కొలుస్తారు. టన్నుకి 25 గ్యాలన్లు వస్తే మంచి రాయి అన్నట్టు. ఈ పరీక్షలో ఎంత వేడి, ఎంత వేగంగా, ఎంతసేపు, ఎంత మెత్తటి పొడి అన్నీ ముందే రాసిపెట్టారు చూడండి. ఎందుకు రాశారు? వాటిలో ఏ ఒక్కటి మార్చినా అదే రాయి వేరే జవాబు చెప్తుంది కాబట్టి. ఈవేళ నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క విషయమే. ఈ రాతిలో ఎంత నూనె ఉందంటే, మీరెలా కాస్తారు అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు నా కథ. నేను ఈ దేశం వచ్చింది కెమికల్ ఇంజినీరింగులో మాస్టర్స్ చేయడానికి, 2012లో. నా థీసిస్ ఈ రాతి మీదే. చిన్న గొట్టం కొలిమి, అందులో నైట్రోజన్ వాయువు, కొన్ని గ్రాముల కొలరాడో రాతిపొడి. నిమిషానికి రెండు డిగ్రీలు, అయిదు, పన్నెండు, ముప్ఫై అని రకరకాల వేగాలతో వేడిచేసి, ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎంత నూనె వస్తోందో గీతలు గియ్యడం నా పని. మూడు నెలలు రాత్రింబవళ్ళు చేశాను. వేగం పెంచేకొద్దీ నూనె మరీ ఎక్కువ వేడి దగ్గర వస్తున్నట్టు నా గీతలు చూపించాయి. అంతకుముందు ఎవరికీ రాని ఫలితం వచ్చిందని పొంగిపోయాను.

మా ప్రొఫెసర్ లాబ్‌కి వచ్చి, ఏమీ మాట్లాడకుండా కొలిమి మూత తీసి, ఉష్ణోగ్రత కొలిచే తీగ ఎక్కడుందో చూపించారు. అది కొలిమి గోడకి ఆనుకుని ఉంది. "నువ్వు కొలిచింది రాయి వేడి కాదు, కొలిమి వేడి" అన్నారు. గోడ వేడెక్కినంత త్వరగా పొడి నడిమధ్య వేడెక్కదు కదా. వేగం పెంచేకొద్దీ ఆ తేడా ఇంకా పెరుగుతుంది. మూడు నెలల పని చెత్తబుట్టలోకి పోయింది. తప్పు పూర్తిగా నాదే. పెనం కాలింది కదా అని అట్టు ఉడికిందనుకునేవాణ్ణి ఏమంటాం?

ఆ తప్పు మళ్ళీ చేసుకుంటూ వచ్చాక అసలు సంగతులు అర్థమయ్యాయి. అవి ఒక్కొక్కటే చెప్తాను.

మొదటిది ఉష్ణోగ్రత. కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్మోర్ ప్రయోగశాలవాళ్ళు 1970ల చివర్లో కొలరాడో రాయి ఎంత వేగంగా విచ్ఛిన్నమవుతుందో జాగ్రత్తగా కొలిచారు. వాళ్ళ సూత్రంలో అంకెలు వేసి చూస్తే, 350 డిగ్రీల ప్రాంతంలో ప్రతి 10 డిగ్రీలు పెంచినప్పుడల్లా వేగం దాదాపు రెట్టింపవుతుంది. 500 డిగ్రీల దగ్గర చాలామటుకు కెరోజెన్ విడిపోవడానికి అర నిమిషం చాలు. 350 దగ్గర ఒక రోజు పడుతుంది. 300 దగ్గర నెల దాటుతుంది. కాబట్టి ఈ రాయి ఇన్ని డిగ్రీల దగ్గర నూనె ఇస్తుంది అని ఒక అంకె చెప్పడం కుదరదు. ఎంతసేపు ఆగగలవు అని అది ఎదురు ప్రశ్న వేస్తుంది.

అంటే వంద డిగ్రీల దగ్గర కూడా నూనె అవుతుందా అని మీరడగవచ్చు. అవుతుంది, లక్షల, కోట్ల సంవత్సరాలు ఆగితే. మన కృష్ణా గోదావరి బేసిన్‌లో నూనె, గ్యాసు వచ్చింది అలాగే. అక్కడ భూమి లోతుల్లో రాఘవపురం షేల్ అనే పొర ఉంది. డైనోసార్ల కాలం నాటి బురద అది. పది లక్షల సంవత్సరాలకు కొన్ని డిగ్రీల చొప్పున భూమాత నెమ్మదిగా కాచి పెట్టింది. కొలరాడో రాయి అంత లోతుకి దిగబడలేదు, కాబట్టి పచ్చిగానే మిగిలిపోయింది. ఇదే రాయి యూటాలో బాగా లోతుగా కూరుకుపోయినచోట సహజంగానే నూనె అయింది. ఆ నూనెలో మైనం ఎంత ఎక్కువంటే, లారీల్లో వేడిగా ఉంచి తీసుకెళ్ళకపోతే గడ్డకడుతుంది. ప్రకృతి కోట్ల ఏళ్ళు చేసే వంటని మనం నిమిషాల్లోనో, ఏళ్ళలోనో చెయ్యాలని చూస్తున్నాం. అదీ మన తాపత్రయం.

రెండోది వేగం. మనకి రెండు సామెతలున్నాయి. నిదానమే ప్రధానం అని ఒకటి, ఆలస్యం అమృతం విషం అని మరొకటి. ఈ రాయి విషయంలో రెండూ నిజమే. త్వరగా వేడిచేస్తే తెగిన అణువులు వెంటనే ఆవిరై బయటికి పారిపోతాయి. నూనె ఎక్కువ వస్తుంది. కానీ చిక్కటి, బరువైన నూనె. గది వేడిమిలోనే గడ్డకట్టేటంత చిక్కన. అందులో నైట్రోజన్ పాలు ఎక్కువ, సుమారు 2 శాతం. అది రిఫైనరీల్లో ఉత్ప్రేరకాల్ని పాడుచేస్తుంది. ముందు దాన్ని వదిలించుకోవడానికి మళ్ళీ హైడ్రోజన్, మళ్ళీ ఖర్చు.

నెమ్మదిగా, తక్కువ వేడి మీద కాస్తే బరువైన అణువులు ఆవిరి కాలేక రాతిలోనే ఉండిపోతాయి. అక్కడే మళ్ళీ తెగి కొన్ని చిన్న అణువులుగా బయటికొస్తాయి, కొన్ని ఒకదానికొకటి అతుక్కుని బొగ్గవుతాయి. అంటే మొత్తం నూనె తగ్గుతుంది, వచ్చిన నూనె మాత్రం తేలిగ్గా, శుభ్రంగా, డీజిల్‌కీ విమాన ఇంధనానికీ దగ్గరగా ఉంటుంది. పైన ఒత్తిడి ఎక్కువున్నా ఇలాగే జరుగుతుంది. వెన్న కాచేటప్పుడు మా అత్తగారు చూడండి, మంట తగ్గించి స్టవ్ దగ్గరే నిలబడతారు. నేను ఫోన్ చూసుకుంటూ పెద్ద మంట మీద కాస్తాను. ఇద్దరిదీ నెయ్యే, కానీ నాది తింటే తెలిసిపోతుంది.

మూడోది రాయి సైజు. రాయి మంచి వేడి వాహకం కాదు. వేడి దాంట్లో పాకుతుంది. ఎంత నెమ్మదిగా అంటే, మీటరు దూరం వెళ్ళడానికి సుమారు 10 రోజులు అనుకోండి. రెండు మీటర్లకి 20 రోజులు కాదు, 40 రోజులు పడుతుంది. దూరం రెట్టింపైతే కాలం నాలుగు రెట్లు. పది మీటర్లయితే వెయ్యి రోజులు, అంటే మూడేళ్ళ మాట. అందుకే పెద్ద బండని కాస్తే పైపొర మాడిపోతూ ఉంటుంది, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. అలాగని మరీ పిండి చేస్తే దుమ్ము నూనెలో కలిసి గొట్టాలు మూసుకుపోతాయి.

నాలుగోది, ఎక్కడ ఆపాలి అన్నది. నూనె రావడం 500 చుట్టుపక్కల అయిపోతుంది. 600 దాటిస్తే ఈ రాతిలో ఉన్న సున్నపు ఖనిజాలు విడిపోవడం మొదలవుతుంది. అది వేడిని మింగేస్తుంది, పైగా బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. అంటే మీరు ఖర్చు పెట్టిన మంట నూనె కోసం కాక, సున్నం బట్టీ కోసం పోయిందన్నమాట. లోపల ఆవిరి ఎక్కువసేపు నిలిచినా నష్టమే. నూనె కావలసింది మళ్ళీ తెగి గ్యాసైపోతుంది, మిగతాది మసి కడుతుంది.

ఇప్పుడు ఈ నాలుగు సంగతులూ చేతిలో పెట్టుకుని, అమెరికా వందేళ్ళుగా చేసిన ప్రయత్నాలు చూస్తే ఒక్కొక్కటీ ఎక్కడ ఇరుక్కుందో తెలుస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1944లో, కృత్రిమ ఇంధనాల కోసం ఇక్కడ చట్టం చేశారు. రైఫిల్ దగ్గర యాన్విల్ పాయింట్స్ అనే చోట గనుల శాఖవాళ్ళు పెద్ద కొలుములు కట్టారు. రాతిని తవ్వి, పగలగొట్టి, కొలిమిలో పోసి, మిగిలిన మసినే లోపల కొంచెం గాలితో మండించి ఆ వేడితోనే కాచే పద్ధతి అక్కడ వచ్చింది. టోస్కో అనే కంపెనీ ఇంకో దారి పట్టింది. పింగాణీ గుళ్ళు ఎర్రగా కాల్చి, రాతిపొడితో కలిపి తిప్పేవాళ్ళు. మన ఊళ్ళో వేడి ఇసుకలో శనగలు వేయించినట్టే. మంట తగలదు, వేడి మాత్రం గింజ గింజకీ సమానంగా అందుతుంది. ఆక్సిడెంటల్ అనే కంపెనీ 1970లలో రాయిని చాలామటుకు పైకి తేకుండా భూమిలోపలే పేల్చి, గుట్టగా చేసి, పైనుంచి నిప్పు పెట్టి చూసింది. లోపల ఒకచోట పెద్ద బండలు, ఒకచోట పొడి. వేడి అన్నిచోట్లా సమానంగా పాకలేదు. పరీక్షగొట్టంలో వచ్చినంత నూనె భూమిలోంచి రాలేదు.

1970ల చమురు సంక్షోభం తర్వాత ఈ లోయకి డబ్బు వరదలా వచ్చింది. ఎక్సాన్, టోస్కో కలిసి పారాచూట్ అనే చిన్న ఊరి పైన కాలనీ ప్రాజెక్టు చేపట్టాయి. పనివాళ్ళ కోసం నది అవతల బ్యాటిల్‌మెంట్ మేసా అని ఊరికి ఊరే కట్టారు. ఈలోపు అంతర్జాతీయంగా నూనె ధర దిగడం మొదలైంది, ఇక్కడ కట్టుబడి ఖర్చు పెరుగుతూ పోయింది. 1982 మే 2, ఆదివారం నాడు ఎక్సాన్ పని ఆపేస్తున్నామని ప్రకటించింది. రెండు వేల మందికి పైగా ఒక్కరోజులో ఉద్యోగాలు పోయాయి. అక్కడివాళ్ళు ఇప్పటికీ దాన్ని బ్లాక్ సండే అంటారు. ఆ పక్కనే యూనియన్ ఆయిల్ కంపెనీ రోజుకి 10,000 పీపాల లక్ష్యంతో కట్టిన ప్లాంటు కిందా మీదా పడుతూ 1991 దాకా నడిచి మూతపడింది. పనివాళ్ళ కోసం కట్టిన ఊరు రిటైరైనవాళ్ళ ఊరైంది.

లేఆఫ్ అంటే ఏమిటో మన రేడియో శ్రోతలకి నేను చెప్పక్కర్లేదు. 2001లో, 2008లో మనవాళ్ళు ఎన్ని ఇళ్ళు ఖాళీ చేశారో మీకు తెలుసు. అందుకే ఆ ఊరి మీదుగా వెళ్ళినప్పుడల్లా నాకు కాస్త గుండె బరువెక్కుతుంది.

ఆ తర్వాత వచ్చిన ప్రయత్నమే నన్ను ఈ రాయివైపు లాగింది. షెల్ కంపెనీ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ వినెగర్ బృందం వేగాన్ని పూర్తిగా వదిలేసి నిదానాన్ని నమ్ముకుంది. రాయిని తవ్వొద్దు, పగలగొట్టొద్దు. భూమిలోకి బోర్లు వేసి, వాటిలో కరెంటు హీటర్లు దింపి, మూడు నాలుగేళ్ళపాటు రాయిని సుమారు 340 నుంచి 370 డిగ్రీల దాకా తీసుకెళ్ళండి అన్నారు. రాతిలో వేడి మీటరుకి పది రోజుల చొప్పున పాకినా ఫరవాలేదు, మేం ఆగుతాం అని. రియో బ్లాంకో కౌంటీలో 2004, 2005లలో 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవున్న చిన్న చోట చేసి చూపించారు. సుమారు 1,700 పీపాల తేలికైన నూనె, దాంతోపాటు గ్యాసు వచ్చాయి. శాస్త్రం గెలిచింది. భూగర్భ జలాలు లోపలికి రాకుండా, నూనె బయటికి పోకుండా చుట్టూ నేలనే గడ్డకట్టించి మంచుగోడ కూడా కట్టి చూశారు. లోపల కుంపటి, చుట్టూ మంచు!

మరెందుకు ఆగింది? ఇక్కడే మా మామగారికి చెప్పాల్సిన జవాబుంది. ర్యాండ్ సంస్థ 2005లో వెలువరించిన నివేదిక ప్రకారం ఈ పద్ధతిలో రోజుకి లక్ష పీపాలు తీయాలంటే 1,200 మెగావాట్ల విద్యుత్తు దానికోసమే కేటాయించాలి. మామగారు పనిచేసిన ఇబ్రహీంపట్నంలో మొదట కట్టిన 210 మెగావాట్ల యూనిట్లు ఆరూ కలిపితే 1,260 మెగావాట్లు. అంటే విజయవాడ పక్కనున్న ఆ ఆరు యూనిట్లూ రాత్రింబవళ్ళు ఒక కొండని కాచడానికే నడవాలి. వచ్చే లక్ష పీపాలు అమెరికా రోజువారీ వాడకంలో ఎంతంటే, ఈ దేశం రోజుకి సుమారు 2 కోట్ల పీపాలు వాడుతుంది, అందులో రెండువందల వంతు. పైగా బొగ్గు మండించి కరెంటు చేస్తే మూడు వంతుల వేడిలో దాదాపు రెండు వంతులు చిమ్నీలోనూ, కూలింగ్ టవర్లోనూ పోతుంది. ఆ మిగిలిన వంతుతో మళ్ళీ వేడే పుట్టించాలి. ఈ మాట వినగానే మామగారు నవ్వేశారు. "ముప్ఫై ఏళ్ళు బాయిలర్ దగ్గర ఉన్నవాణ్ణి నాకు చెప్తారా" అన్నారు.

నీళ్ళ సంగతి ఇంకొకటి. రాతిని తవ్వి పైన కొలుముల్లో కాచే పద్ధతిలో పీపా నూనెకి సుమారు మూడు పీపాల నీళ్ళు కావాలని అదే నివేదిక అంచనా. ఆ నీళ్ళు రావలసింది కొలరాడో నదిలోంచి. ఆ నది మీద ఏడు రాష్ట్రాలు, సుమారు 4 కోట్ల మంది ఆధారపడి ఉన్నారు. కృష్ణా నీళ్ళ పంపకాలు చూసినవాళ్ళకి ఇక వివరం అక్కర్లేదు.

2013 సెప్టెంబరులో షెల్ తన కొలరాడో ప్రయోగాలు ముగిస్తున్నట్టు ప్రకటించింది. అప్పటికి ఫ్రాకింగ్‌తో నూనె వచ్చిపడుతోంది. ఏళ్ళ తరబడి రాయిని కాచే ఓపిక ఎవరికుంటుంది? ఆ వార్త వచ్చేసరికి నేను థీసిస్ చివర్లో ఉన్నాను. ఎవరి తప్పూ లేదు, లెక్క అలా తేలింది. కానీ నేను నేర్చుకున్న విద్యకి ఆ లోయలో పని లేదని అర్థమైపోయింది. చేతిలో అప్పు, వీసా గడువు. కొలిమి లెక్కల కోసం నేర్చుకున్న ప్రోగ్రామింగే అన్నం పెట్టింది. మా నాన్నగారు చాలాకాలం ఫోన్లో అడిగేవారు, "ఆ రాయి పని ఏమైందిరా?" అని. ఆగిపోయింది నాన్నా అని చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఈలోగా ఏదో ఒకటి చెప్పి దాటేసేవాణ్ణి. అది మాత్రం నా తప్పే.

ఆ విద్య వృథా అయిందా అని ఈమధ్య ఒక మిత్రుడు అడిగాడు. కాలేదనే అనుకుంటున్నాను. ఎస్టోనియా అనే చిన్న దేశం దశాబ్దాలపాటు తన కరెంటులో ఎక్కువ భాగం ఈ రకం రాయిని మండించే తయారుచేసుకుంది. దానివల్ల వచ్చిన బూడిద కొండలు, పొగ కూడా అదే చూసింది. అంటే ఇది అసాధ్యమైన పని కాదు. ఎంత ఖర్చుకి, ఎవరి గాలి, ఎవరి నీళ్ళు పణంగా పెట్టి అన్నదే ప్రశ్న. రేపు నూనె ధర పెరిగిందంటే మళ్ళీ ఎవరో ఒకరు టీవీలో కూర్చుని, మన కొండల్లో సౌదీకి పది రెట్ల నూనె ఉందని చెప్తారు. మన వాట్సాప్ గ్రూపుల్లోకి కూడా వస్తుంది. పెట్టుబడి పెట్టమని కూడా అడుగుతారు. అప్పుడు మీరూ, మీ పిల్లలూ నాలుగు ప్రశ్నలు వెయ్యండి. ఎంత వేడి మీద కాస్తారు? ఎంతకాలం? ఆ వేడి ఎక్కణ్ణుంచి తెస్తారు? నూనెతోపాటు ఇంకేం బయటికొస్తుంది? జవాబు చెప్పేవాడు రాయి వేడి చెప్తున్నాడా, కొలిమి వేడి చెప్తున్నాడా అన్నది కూడా గమనించండి. మూడు నెలలు పోగొట్టుకుని నేర్చుకున్నాను కాబట్టి ఈ చివరిది నేను గట్టిగా చెప్పగలను.

తిరుగు ప్రయాణంలో పారాచూట్ దగ్గర ఆగి టీ తాగాం. మా అబ్బాయి రోడ్డు పక్కన ఒక బూడిద రంగు రాయి ఏరుకొచ్చి, ఇందులో నూనె ఉందా నాన్నా అని అడిగాడు. అది ఆయిల్ షేలో, మామూలు రాయో చూసి చెప్పలేకపోయాను. కాచి చూస్తే గానీ తెలియదురా అన్నాను. మామగారు ఆ రాయిని చేతిలోకి తీసుకుని, బరువు చూసి, "వద్దులే, కరెంటు బిల్లు ఎవరు కడతారు?" అన్నారు. అది ఇప్పుడు మా కిటికీలో ఉంది.